చెలమ దగ్గర లెక్క

క్విసెబ్ ఏరు నీళ్ళతో కనబడి నాలుగేళ్ళు.
గెమ్స్‌బాక్‌లు గిట్టలతో మొదలుపెట్టి
మేం పారలతో వెడల్పు చేసిన చెలమ ఒకటుంది,
ఇసుక కన్ను తెరిచినట్టు.
అటు దక్షిణాన ఎర్రటి తిన్నెలు,
ఇటు ఉత్తరాన కంకర మైదానం,
మధ్యలో నేనూ, ఒక తుమ్మచెట్టూ,
పరిశోధనా కేంద్రం వాళ్ళిచ్చిన అట్టా, కాగితాలూ.

నా ఉద్యోగం లెక్కపెట్టడం.
ఏడింటి నుంచి పదింటి దాకా
ఎన్ని పొలంక పిట్టలు దిగాయో,
మగవెన్నో, ఆడవెన్నో,
గెమ్స్‌బాక్‌లు వస్తే అవీ,
నక్క వస్తే దాని ముఖం ఎటున్నదో కూడా.
నెలకోసారి జీతం. బూట్లు వాళ్ళవే.

సముద్రం నుంచి పొగమంచు వచ్చిన రోజు
పిట్టలు ఆలస్యం.
ఆ రోజు తిన్నె అంచున నల్ల పురుగులు
తలకిందులుగా నిలబడి
వీపు మీద పేరుకున్న చుక్కని
నోటి దాకా జార్చుకుంటాయి.
వాటికి కాగితంలో గడి లేదు. అయినా చూస్తాను.

మా ఔమా ఆడెల్‌హైడ్ నాతో వస్తుంది,
గాడిదబండి మీద, నారా కాయల గోనె పక్కన.
అవ్వ కళ్ళకు పొర కమ్మి ఆరేళ్ళు.
బండిని దూరంగా కట్టేసి
చెట్టుకు వీపు ఆనించి కూర్చోబెడితే
నేను బైనాక్యులర్స్ ఎత్తకముందే అంటుంది:
"వస్తున్నాయి."

నిజమే. ముందు అరుపు, కెల్కివైన్, కెల్కివైన్,
తర్వాత గుప్పెడు కంకర
ఆకాశంలోకి విసిరినట్టు గుంపు.
దిగుతాయి. కదలవు.
కదలకపోతే లేనట్టే. రాళ్ళే.
చాలాసేపటికి ఒక రాయి మెడ చాస్తుంది.
నేను ఒక గీత గీస్తాను.

ఆడవి గబగబా తాగి లేచిపోతాయి.
మగవాటికి ఇంకా పని ఉంటుంది.
పొట్ట ఈకలు విప్పి నీళ్ళలో కూర్చుని
అటూ ఇటూ ఊగుతాయి,
గుడ్డ జాడించే మనిషిలా.
తాగింది తనకి, తడిసింది పిల్లలకి.
ముప్పై కిలోమీటర్ల అవతల ఏ రాళ్ళ సందునో
ఎగరడం రాని మూడు నోళ్ళు
ఆ ఈకల్ని చీకి తాగాలి.

ఔమాకి ఇదంతా చెవిలోనే తెలుస్తుంది.
"ఇది ఆడది. ఇదీ ఆడదే.
ఇదిగో, ఇది మోసుకుపోతోంది, విను,
రెక్క లాగుతోంది."
నాకు రెక్కలన్నీ ఒకటే చప్పుడు.
రోజు చివర మా ఇద్దరి లెక్కకీ
రెండో మూడో పిట్టల తేడా.
ఆ తప్పు నాదేనని ఆమె నమ్మకం.

మంగళవారం, తొమ్మిదింపావుకి, డేగ.
చప్పుడు లేకుండా వచ్చింది;
చప్పుడంతా తర్వాత.
గుంపు మొత్తం ఒక్కసారే లేచి
మైదానం వైపు చెదిరిపోయింది.
ఒకటి మిగిలింది, గోళ్ళ కింద,
రొమ్ము మీద తెల్ల గీతా గోధుమ గీతా
ఇంకా తీర్చి దిద్దినట్టే ఉన్నాయి.
డేగ దాన్నెత్తుకుపోయాక ఇసుకలో
అరచేయంత తడి.
తారీకు రాసి, టైము రాసి,
"మగది, ఒకటి" అని రాసి తలెత్తేసరికి
ఆ తడి లేదు.

"ఎన్ని?" అంది ఔమా.
"రెండు వందల పద్నాలుగు. ఒకటి పోయింది."
"ఒకటేనా?"
నేను మాట్లాడలేదు.
ఆమె నారా గింజ ఒకటి పళ్ళ మధ్య పగలగొట్టి
పొట్టు ఊసింది.

పదింటికి చెలమలోకి దిగి క్యాను నింపాను.
దాని మూత ఏడాదిగా సరిగ్గా పట్టదు.
గుండెలకు హత్తుకుని బండి దాకా వచ్చేసరికి
చొక్కా ముందంతా తడి.
ఔమా చెయ్యి చాచి, తడిమి చూసి,
చాలా రోజుల తర్వాత నవ్వింది:
"నువ్వూ మగపిట్టవేరా, హిస్కియా.
పద పద, ఆరిపోతుంది."

దారిలో ఒక గెమ్స్‌బాక్,
కొమ్మల నీడలో సగం ఒళ్ళు పెట్టుకుని
నిలబడి ఉంది. గాడిదని ఆపాను.
పది దాటింది. లెక్కలో వెయ్యకూడదు.
"ఎందుకాగావ్?"
"ఏం లేదు."
"అబద్ధం," అంది ఔమా, మెల్లగా.
"దాని ఊపిరి వినబడుతోంది."